వెనక్కి లాగిన పల్లకీ

పల్లకీ వెనక్కి లాగింది.

మోసే బొంగు ముందు కొమ్ము నా భుజం మీద, వెనక కొమ్ము ఖ్యాలీ కాకా భుజం మీద ఉన్నాయి. లోపల మా ఊరి ఆడపడుచు నందాదేవి అమ్మవారు, కైలాసానికి, మొగుడింటికి వెళుతోంది. ఎదురుగా ఏటి మీద మంచు వంతెన.

వెనక ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు.

"పుట్టిల్లు వదలాలని లేదర్రా పిల్లకి!"

"అత్తారింటికి పంపేప్పుడు నేనూ ఇలాగే గుమ్మం పట్టుకున్నాను," అంది బచ్చులీ దాదీ.

"ఏం లాభం? తాత గుమ్మంతో సహా లాక్కుపోయాడుగా!" అంది పక్కనున్నామె.

ఏడుస్తూనే నవ్వారు. దాదీ పల్లకీ తెర తప్పించి అమ్మవారికి దోసకాయ ముక్క పెట్టింది. "వెళ్ళు తల్లీ, ఆయన ఎదురుచూస్తుంటాడు."

అడుగు వేయబోయాను. మళ్ళీ లాగింది. ఈసారి గమనించాను. ముందు నా మోకాలు వణికింది, ఆ తర్వాతే కొమ్ము కదిలింది. లేక నాకలా అనిపించిందా? భయం ఎక్కడ మొదలవుతోందో చూద్దామంటే, లోపల చూసేవాడే వణుకుతున్నాడు.

"అమ్మ మంచు దారి వద్దంటోంది," అన్నాడు కాకా. "పక్క కొండచరియ మీదుగా పోదాం."

పొద్దుటి వానకి ఆ చరియ ఇంకా రాళ్ళు విదిలిస్తోంది. దాదీ అప్పుడే కొంగు బిగించి అటు నడిచింది. పిడికిలంత రాయి ఆమె ముందు నుంచి దొర్లి ఏట్లో పడింది. ఆమె ఆగలేదు. నంద చెప్పిందిగా.

"దాదీ, ఆగు! లాగింది అమ్మ కాదు, నేను. భయమేసింది."

అందరూ నా వైపు తిరిగారు. మా నాన్న భుజం నుంచి నాకొచ్చిన కొమ్ము ఇక నాది కాదని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి.

"అమ్మ నీ మోకాల్లోంచి చెప్పలేదని నీకెలా తెలుసురా?" అన్నాడు కాకా.

"తెలీదు."

"అయితే వెళ్ళి చూసి రా."

కొమ్ము మరొకరికిచ్చి, కర్రతో మంచును పొడుస్తూ నడిచాను. గట్టిగానే ఉంది. మధ్యకి రాగానే కర్ర పిడిదాకా దిగిపోయింది. ఆ కన్నంలోంచి చల్లటి గాలి, నీటి హోరు. పాకుతూ వెనక్కొచ్చి, మధ్యలో మంచు బోలుగా ఉందని చెప్పాను.

"చూశావా, మనల్ని ఆపింది నందే!" అంది దాదీ.

నేను కర్ర పట్టుకుని ఏటి వెంట పైకి నడిచాను.

ఎగువన మంచు మందంగా ఉన్నచోట కర్ర ఎక్కడ పొడిచినా దిగలేదు. అక్కడ దాటుదామన్నాడు కాకా. ముందు కొమ్ము మోస్తున్నవాడు నా ముందు ఆగి, భుజం వంచాడు. నేను అందుకున్నాను.

అంచుకి రాగానే పల్లకీ మళ్ళీ వెనక్కి లాగింది.

"నువ్వా, అమ్మవారా?" అన్నాడు కాకా.

"ఇద్దరం, కాకా," అని మంచు మీద కాలు పెట్టాను.