తేదీ లేని మిషనుకు తనిఖీ

సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో రైలు పట్టాల పక్కనున్న ఆ వర్క్‌షాపులో చక్రాల కుర్చీల విడిభాగాలు తయారవుతాయి. జాహిదా అక్కడ పాదాలు ఆనించే పలకలకు బెజ్జాలు వేస్తుంది. ఆమెది నరసరావుపేట. గుంటూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, పెళ్లికి ముందు ఒక స్పిన్నింగు మిల్లులో మోటార్ల రిపేరు చూసింది. సిడ్నీ వచ్చాక ఆ డిప్లొమా ఇక్కడ చెల్లదన్నారు. లైసెన్సు లేనిదే వైరు ముట్టుకోకూడదన్నారు. సరేనని బెజ్జాల పనిలో చేరింది.

బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషను చాలా పాతది. ముందున్న నాబు తిప్పితే మోటారు వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ నాబు వెనక డబ్బాలో ఉండే స్పీడ్ కంట్రోలరు చలికాలం నుంచీ తేడా చేస్తోంది. మిషను వేడెక్కిందంటే చాలు, నాబు కిందికే ఉన్నా మోటారు ఒక్కసారిగా ఎగిసి పూర్తి వేగం అందుకునేది. జాహిదా వెంటనే స్విచ్చి కట్టేసి, యజమాని గ్రేమ్ దగ్గరికి వెళ్లి చెప్పింది.

"కంట్రోలరు పోతోంది. ఎవరికైనా దెబ్బ తగలకముందే మార్పించండి."

"ముందు ఈ వైటూకే గండం గట్టెక్కనీ జాహిదా. ఇప్పుడు ప్రతి డాలరూ దానికే పోతోంది," అన్నాడు గ్రేమ్.

మళ్లీ చెప్పింది. మళ్లీ అదే మాట.

అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి మొరాయిస్తాయని ఆఫీసులన్నిటికీ గుబులు, దాని పేరే వైటూకే. ఆ తనిఖీకి ఒక కన్సల్టెన్సీ కంపెనీ ఉపేంద్రను పంపింది. ఒంగోలు అబ్బాయి, కాంట్రాక్టు వీసా మీద వచ్చాడు. ఆఫీసులో కంప్యూటరుకు, ఫ్యాక్సు మిషనుకు, టీ గదిలో ఫ్రిజ్జుకు తనిఖీ అయిందన్న ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించుకుంటూ వచ్చి, డ్రిల్లింగ్ మిషనుకూ ఒకటి అంటించబోయాడు.

"దీనికెందుకయ్యా తమ్ముడూ? ఇందులో గడియారం ఉందా, క్యాలెండరుందా?" అంది జాహిదా.

"కరెంటుతో నడిచేదేదైనా చెక్ చెయ్యమన్నారక్కా. స్కోప్‌లో, అంటే నాకిచ్చిన పనుల జాబితాలో ఉంది."

"చెక్ చేసేవాడివైతే ఒక్క పది నిమిషాలు నిలబడు. వేడెక్కితే ఎట్టా ఎగురుద్దో నేను చూపిస్తా."

"అది నా స్కోప్ కాదక్కా," అని నవ్వి, స్టిక్కరు అంటించి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం జాహిదాను ప్యాకింగుకు పంపి, రోసాను డ్రిల్లు మీద పెట్టారు. రోసా ఫిలిప్పీన్స్ మనిషి, వర్క్‌షాపులో అందరికన్నా పాత ఉద్యోగి. పలకను క్లాంపులో ఎలా బిగించాలో జాహిదాకు నేర్పింది ఆమే. మోటారు హఠాత్తుగా అరిచిన చప్పుడు, దాని వెనకే రోసా కేక వినపడ్డాయి. జాహిదా పరుగెత్తుకెళ్లి గోడ దగ్గర స్విచ్చి ఆపేసరికే పలక క్లాంపు ఊడగొట్టుకుని, బెజ్జం వేసే బిట్టుతోపాటు గిర్రున తిరిగి రోసా కుడిచేతిని కొట్టేసింది. రెండు వేళ్ల ఎముకలు విరిగాయి.

మర్నాడు పొద్దున గ్రేమ్ అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"రోసా క్లాంపు సరిగా బిగించలేదు. అందరూ జాగ్రత్తగా ఉండండి. మిషనులో ఏ లోపమూ లేదు. పోయిన నెలే కన్సల్టెంటు తనిఖీ చేసి సర్టిఫై చేశాడు," అంటూ ఆకుపచ్చ స్టిక్కరు వైపు వేలు చూపించాడు.

జాహిదాకు ఒళ్లు మండిపోయింది. చేతులు విరగ్గొట్టే మిషనును నెలల తరబడి వదిలేసింది చాలక, ఆస్పత్రిలో పడున్న మనిషి మీదికి తప్పు నెడతాడా? అదీ, క్యాలెండరే లేని మిషనుకు అంటించిన తేదీ కాగితం చూపించి!

"జాహిదా, ఇవాళ నువ్వు డ్రిల్లు తీసుకో," అన్నాడు గ్రేమ్.

ఆమె నేరుగా వెళ్లి గోడలోంచి ప్లగ్గు లాగేసి, చేతిలో పట్టుకుని నిలబడింది.

"నేను నడపను. ఇంకొకరిని నడపనివ్వను."

"నువ్విక్కడ ఎలక్ట్రీషియన్‌వి కాదు."

"కాదు. కాబట్టే చెబుతున్నా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించండి. వచ్చేదాకా ఇది కదలదు."

"అయితే ఇంటికి పో."

పోలేదు. టీ గదిలోని ఫోను దగ్గరికి వెళ్లి, కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ కార్యాలయానికి జరిగిందంతా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున గ్రేమ్ తన తరఫున మాట్లాడటానికి ఉపేంద్రను పిలిపించుకున్నాడు. వాకిట్లో అతను కారు దిగుతుండగానే జాహిదా ఎదురెళ్లింది.

"నీ స్టిక్కరు చూపించి రోసాదే తప్పంటున్నాడు. తెలుసా నీకు?"

ఉపేంద్ర మొహం పాలిపోయింది. "నేను తేదీల సంగతి తప్ప ఏం చూడలేదక్కా."

"మరదే లోపల చెప్పు."

"నా వీసా మా కంపెనీ చేతుల్లో ఉందక్కా. క్లయింటు కంప్లయింట్ ఇస్తే నన్ను ఇండియా పంపించేస్తారు. కొంచెం అర్థం చేసుకో."

"అర్థం చేసుకున్నా. రోసా ఆ చేత్తోనే బతకాలి, అది నువ్వు అర్థం చేసుకో. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదయ్యా. ఏం చూశావో చెప్పు, ఏం చూడలేదో చెప్పు. అంతే."

అతను తల దించుకుని లోపలికి వెళ్లాడు.

ఇన్‌స్పెక్టరు ఒక పొడవాటి ఆవిడ, పెద్దగా మాట్లాడదు. గ్రేమ్ స్టిక్కరు చూపించగానే ఉపేంద్ర వైపు తిరిగింది.

"మోటారు, కంట్రోలరు మీరు పరీక్షించారా?"

గ్రేమ్ అతన్నే చూస్తున్నాడు. ఉపేంద్ర ఇన్‌స్పెక్టరు వైపే తిరిగాడు.

"లేదండి. ఈ మిషనులో తేదీతో పనిచేసే భాగం ఏదీ లేదు. స్టిక్కరుకు అర్థం అంతే. నేను దీన్ని నడిపి కూడా చూడలేదు," అన్నాడు.

జాహిదా అడగ్గా బిట్టు తీసేసి, అందర్నీ దూరంగా నిలబెట్టి మిషను నడిపారు. నాబు కనీస వేగం దగ్గరే ఉంది. చాలాసేపు బుద్ధిగా తిరిగింది. గ్రేమ్ పెదాల మీద చిన్న నవ్వు మొదలైంది. జాహిదా మోటారు మీద నుంచి చూపు తిప్పలేదు. ఉన్నట్టుండి మిషను గర్జించింది. ఎవరూ నాబు ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టరే స్వయంగా వెళ్లి స్విచ్చి ఆపి, కంట్రోలరు మార్చేదాకా దీన్ని నడపరాదని నోటీసు రాసిచ్చింది.

ఆ నోటీసు అందగానే గ్రేమ్‌కు అన్నీ సాధ్యమైపోయాయి. బ్యారీ అనే లైసెన్సున్న ఎలక్ట్రీషియను వచ్చాడు. డబ్బా విప్పితే లోపలి బోర్డు ఒక మూల మాడి నల్లబడింది, టంకం పగుళ్లిచ్చింది. బ్యారీ మోటారు మీద వివరాలున్న రేకు చదివి, దానికి సరిపడే కంట్రోలరు ఎక్కడ దొరుకుతుందో ఫోనులో కనుక్కున్నాడు.

"అదృష్టం! దగ్గర్లోనే, పరమట్టా షాపులో షెల్ఫ్ మీదే ఉందట. ఇప్పుడే వెళ్లి తెస్తా," అన్నాడు.

షెల్ఫ్ మీదే ఉంది! జాహిదాకు మునుపెన్నడూ రానంత కోపం అప్పుడొచ్చింది. విదేశాల నుంచి రావాల్సిన వస్తువైనా, ఎక్కడా దొరకనిదైనా ఇంత బాధ ఉండేది కాదు. తాను మొదటిసారి చెప్పిన రోజున ఒక మనిషి కారేసుకుని వెళ్లుంటే సాయంత్రానికల్లా తెమిలిపోయేది.

బ్యారీ పక్కన నిలబడి పాత వైర్లకు తాను గుర్తులు పెట్టింది. "కరెంటు పోయి వస్తే తనంతట తానే తిరగడం మొదలుపెట్టని స్విచ్చి కూడా పెడదాం," అంది. మంచి మాటన్నాడు. అతను కలిపిన కొత్త కంట్రోలరుకు ఇద్దరూ కలిసి కనీస వేగం సరిచేశారు. మోటారు బాగా వేడెక్కేదాకా నడిపి చూశారు. ఎక్కడా ఎగరలేదు.

గ్రేమ్ వచ్చి చెయ్యి చాపాడు. "గుడ్ ఆన్ యూ జాహిదా, భేష్. ఇంక గొడవ తీరిపోయింది కదా?"

ఆమె చెయ్యివ్వలేదు.

"ఆ చెయ్యి రోసాకిచ్చి, తప్పు నాదేనని చెప్పండి."

అతను మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్టరు ఒత్తిడి వల్ల ప్రమాదం మిషను లోపంతోనే జరిగిందని కాగితం మీద ఒప్పుకున్నాడు కానీ, నోరు తెరిచి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఉపేంద్రను అతని కంపెనీ ఇండియా పంపలేదు, కాన్‌బెర్రాలో ఇంకో పనికి వేసింది.

శనివారం జాహిదా రోసా ఇంటికెళ్లింది. రోసా కట్టుకట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడం చేత్తోనే తంటాలుపడి టీ పోసింది. సాయం చేయబోతే వద్దంది. జాహిదా జరిగిందంతా చెప్పింది.

"గ్రేమ్ వస్తానన్నాడా?" అని అడిగింది రోసా.

"అనలేదు."

రోసా టీ కప్పు జాహిదా ముందుకు జరిపింది. "మిషను ఇప్పుడు బాగా నడుస్తోందా?"

బాగా నడుస్తోంది. చాలా బాగా నడుస్తోంది. ఆ కట్టు వైపు చూస్తూ ఆ మాట అనడానికి జాహిదాకు నోరు రాలేదు. లేచి, రోసా వద్దంటున్నా వినకుండా, టీ కప్పులు తీసుకెళ్లి కడగడం మొదలుపెట్టింది.