స్టాఫ్ రూములో ఇంటర్వ్యూ

గాలివాన తెల్లారేసరికి వెలిసింది గానీ కాట్రేనికోనలో కరెంటు రాలేదు. ఫోనులో సిగ్నలు కూడా లేదు. సలోమి మేడమీదికెక్కి ఫోను పైకెత్తి చూసింది, పిట్టగోడ మీద పెట్టి చూసింది. పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ఆ వేళకి తను కనబడకపోతే పేరు పక్కన రాలేదని రాసుకుని తరవాతివాళ్ళని పిలుస్తారు.

అది దేశం మొత్తం మీద కొద్దిమందినే తీసుకునే డిజైన్ కాలేజీ. బొమ్మల పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. ఈ సంగతి అమ్మకి తెలుసు, నాన్నగారికి తెలీదు. కూతురు ఏడాదిగా మళ్ళీ ఎంసెట్‌కే చదువుతోందని ఆయన నమ్మకం.

నాన్న ఆనందరావుగారు అమలాపురంలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఇంజనీర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు. ఆయన కన్నకూతురు మాత్రం ఇంటరు లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీలో అత్తెసరు మార్కులతో బయటపడింది. ఆ రోజు ఆయన తిట్టలేదు. మార్కులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదని సలోమి ఎన్నిసార్లనుకుందో.

అమ్మ ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"నాన్నగారి కాలేజీలో ఇన్వర్టరుంది, నెట్టుంది. ఇంక వేరే దారి లేదు, చెప్పెయ్."

"నువ్వు చెప్పమ్మా."

"నేను చెప్తే ఆయన నాతో మాట్లాడతారు. నువ్వు చెప్తేనే నీతో మాట్లాడతారు."

ఆనందరావుగారు అడ్మిషన్ల పని మీద కాలేజీకి వెళ్ళడానికి బండి సీటు తుడుచుకుంటున్నారు. సలోమి దగ్గరికెళ్ళి నిలబడింది.

"నాన్నగారండీ, నన్నూ కాలేజీకి తీసుకెళ్తారా?"

"సెలవుల్లో నీకక్కడేం పనమ్మా?"

చెప్పేసింది. డిజైన్ కాలేజీ, బొమ్మల పరీక్ష, ఎంసెట్ పుస్తకాలు తెరవనేలేదన్న మాట, అన్నీ ఒక్క గుక్కలో. ఆయన చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్నింటికి?"

"పదకొండింటికండి."

"ఎక్కు."

దారంతా కొబ్బరిమట్టలు విరిగి పడున్నాయి. ఒకచోట స్తంభం అడ్డంగా పడి ఆటోలన్నీ ఆగిపోతే, కాలవగట్టు మీదుగా మళ్ళించారాయన. బురదలో బండి రెండుసార్లు జారింది. సలోమికి ఆ భయం లేదు. ఎదురుగా కదలకుండా ఉన్న ఆయన వీపంటేనే భయం.

అటెండరు పెదబాబు స్టాఫ్ రూము తలుపు తీశాడు. తనని కూర్చోబెట్టి నాన్నగారు వెళ్ళిపోతారనుకుంది. ఆయన కిటికీ కింద కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నెట్టు పోతే నా ఫోన్లోంచి ఇస్తాను" అన్నారు. బయటికెళ్ళండని ఎలా అంటుంది?

ఫోను తెరమీద ముగ్గురు కనబడ్డారు. ఇంగ్లీషులో అడిగారు. ఇంట్లో వల్లెవేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పుడు వాళ్ళలో తల నెరిసిన ఆవిడ ముందుకి వంగింది.

"తెలుగులో చెప్పమ్మా. వీళ్ళకి నేను చెప్తాను. నువ్వు ఫోటో పంపిన ఈ కుదురు సంగతేమిటి?"

"చుట్టకుదురండి. చేపలమ్మేవాళ్ళు బేసిను కింద నెత్తిమీద పెట్టుకుంటారండి. గుడ్డతో చుడితే చేపల నీళ్ళు పీల్చుకుని మెడమీదికి కారుస్తుందండి. అందుకని పాత సైకిలు ట్యూబుతో చేసేను. నీళ్ళు పక్కకి పోయేలా గాడి పెట్టేను."

"బాగా పనిచేసిందా?"

"లేదండి. మొదటిది జారిపోయింది. మా వీధిలోకొచ్చే వెంకటలక్ష్మిగారు తిరిగిచ్చేసేరు. రెండోదీ ఇచ్చేసేరండి, నెత్తి ఉడికిపోతోందని. మూడోది వాడుతున్నారు."

ఆవిడ నవ్వింది. పక్కనున్నాయన నవ్వలేదు. కాగితం చూసి ఏదో అడిగాడు. ఆవిడ తెలుగులో చెప్పింది: "లెక్కల్లో ఎందుకు తప్పావంటున్నారు."

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. జ్వరమొచ్చిందని చెబుదామని ముందే అనుకుంది సలోమి. వెనకాల ఆయన ఉండగా ఆ అబద్ధం నోటికి రాలేదు.

"మా నాన్నగారు లెక్కలు చెప్తారండి. పేపరు చూడగానే ఆయన మొహం కనబడేది. ఇంట్లో చేసిన లెక్కే, అయినా చెయ్యి ఆడలేదండి."

"ఇక్కడా కొలతలుంటాయి, లెక్కలుంటాయి. ఇక్కడా భయపడతావా?"

"భయపడతానండి. కుదురు చేసినప్పుడూ భయమేసింది. కానీ..."

తెరమీది మొహాలు బిగుసుకుపోయాయి. నెట్టు పోయింది. సలోమి ఫోను బల్ల మీద పెట్టేసి నాన్నగారి వైపు తిరిగింది. ఆనందరావుగారు ఒక్క అంగలో వచ్చి తన ఫోన్లో నెట్టు ఆన్ చేశారు. సలోమి ఫోన్లో పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి కలిపారు. మొహాలు మళ్ళీ కదిలాయి.

"కానీ అన్నావు," అందావిడ.

"కానీ వెంకటలక్ష్మిగారు తిరిగిచ్చేస్తే మళ్ళీ చెయ్యాలి కదండీ. చేసేను."

"సరేనమ్మా. చాలు."

ఆ చాలుకి అర్థమేమిటో సలోమికి తెలియలేదు. తల తిప్పేసరికి గదిలో నాన్నగారు లేరు. వరండా చివర, తడిసిన గోడని చూస్తూ నిలబడున్నారు.

"నా మొహం అంత భయంగా ఉంటదా అమ్మా?"

లేదండి అనబోయింది. "లెక్కల పేపర్లోనండి" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత, "పొద్దున్నించి ఏమీ తినలేదు కదూ, పద" అన్నారు. హోటల్లో పెసరట్టు తెప్పించారు. సలోమి సగం వదిలేసింది. ఆయన కూడా సగమే తిన్నారు.

ఫలితాల్లో ఆమె పేరు వెయిటింగులో వచ్చింది. ఆ వేసవంతా ఫోను మోగితే అమ్మ చేతికిచ్చేసేది. రెండో విడతలో సీటొచ్చిన సంగతి ముందు చూసింది ఆనందరావుగారే. ఆయన వాకిట్లోంచి పిలిస్తే, పోయిందని చెప్పడానికేననుకుని సలోమి పెరట్లోంచి కదల్లేదు. ఆయనే అక్కడికి వచ్చి ఫోను చూపించారు.

చూశాక ఏడుపొచ్చింది. సంతోషమో భయమో తేలలేదు. తెలియని ఊరు, తెలియని భాష, తనకన్నా ఎన్నో రెట్లు మార్కులొచ్చిన పిల్లలు.

"అక్కడా తప్పితేనండీ?"

"తప్పితే మళ్ళీ రాద్దువుగాని. నాకు ఫోన్ చేసి చెప్పు. అమ్మతో చెప్పించకు."

"ఆయ్, మీకే చెప్తానండి," అంది సలోమి.