మిరపచేతులు

మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న పుల్లమ్మకి ముందు లారీ హారన్, వెంటనే కుక్క అరుపు వినిపించాయి. రోడ్డు పక్కనే వాళ్ల మిరపకల్లం. కల్లం కాపలా కాసే నల్లకుక్క రోడ్డు మీద పడి ఉంది. ముందుకాలు విరిగి వేలాడుతోంది, తొడ నెత్తురోడుతోంది.

అందరికన్నా ముందు పరుగెత్తింది కోడలు కోటిరత్నం. తీరా దగ్గరికెళ్లి, చేతులు వెనక్కి పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమే, భయమా?" నవ్వాడు మొగుడు బాపయ్య.

"పొద్దుట్నించీ కాయలు ఏరిన చేతులండీ. గాయానికి తగిలితే ప్రాణం పోయినంత మంట. నేను చెప్తా, మీరు చెయ్యండి."

"కుక్కకి నేను చాకిరీ చెయ్యాలా?"

"మీరు ఒక్క కాయా ముట్టలేదుగా మరి."

కల్లంలో ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. బాపయ్య మొహం మాడ్చుకుని వంగాడు.

"ముందు కండువాతో మూతి కట్టండి, ఊపిరాడేట్టు. నొప్పిలో మనల్నైనా కరుస్తుంది. ఉతికిన గుడ్డ మడిచి తొడ మీద అదిమి పట్టండి. ఊరికే తీసి చూడకండి. అయ్యో, కాలు లాగకండి! అటో బద్ద, ఇటో బద్ద, లోపల పత్తి. మరీ బిగించొద్దు."

పుట్టింటి ఎద్దుకి గొడ్ల డాక్టరు కట్టు కడుతుంటే పలుపు పట్టుకుని నిలబడి చూసిందట, ఒకే ఒక్కసారి. గొంతు పెంచకుండానే కుక్కని గోతం మీదికి జరిపించి, బండెక్కించి, బాపయ్యని తోడిచ్చి పశువుల ఆసుపత్రికి పంపింది.

పుల్లమ్మ మళ్లీ కాయల ముందు కూర్చుంది గాని చెయ్యి ఆడలేదు. బాపయ్య చంటివాడప్పుడు, ఇలాంటి కాయల రోజుల్లోనే, పాలకని ఎత్తుకుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. "చేతులు కడుక్కోవడం కూడా చేతకాదా" అని మొగుడు చెంప పగలగొట్టాడు. కడిగిందే కడిగింది. కడిగితే పోయే మంటా అది? 'నా చేతులు మండుతున్నాయి, నువ్వెత్తుకో' అని ఒక మాట అనొచ్చని ఆమెకి తట్టనే లేదు. ఇవాళ ఇరవయ్యేళ్ల పిల్ల నలుగురి ముందూ ఎంత తేలిగ్గా అనేసింది!

మధ్యాహ్నానికి బండి తిరిగొచ్చింది. కట్టు కుదిరింది, కుక్క బతుకుతుందన్నాడట డాక్టరు. బాపయ్య పాక నీడన చతికిలబడి, "అన్నం పెట్టవే" అన్నాడు. చేతులకి ఆముదం రాసుకుంటున్న కోటిరత్నం లేవబోయింది.

పుల్లమ్మ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"అన్నం గిన్నె అదుగోరా. నీకూ చేతులున్నాయిగా, పొద్దున అందరం చూశాం. మా ఇద్దరికీ కూడా వడ్డించు."