కింది అంచు

రత్నమాల మనుషులను వాళ్ళు తెచ్చిన బొమ్మను బట్టి కాదు, ఆ బొమ్మకు ఎంచుకున్న ఫ్రేమును బట్టి లెక్కగడుతుంది. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో తండ్రి యజ్ఞనారాయణ పెట్టిన దుకాణం ఆమె చేతికి వచ్చి చాలా కాలమైంది. ఆయన తెనాలి వైపు నుంచి వచ్చి, గనులున్న చోట దేవుళ్ళకూ, రిటైర్మెంటు సన్మానాలకూ, పోయినవాళ్ళ ఫోటోలకూ కొదవ ఉండదని అంచనా వేసి ఇక్కడ కుదురుకున్నాడు. అంచనా తప్పలేదు. బంగారు పూత ఫ్రేము అడిగితే సొంత ఇల్లు. సన్నపాటి ఫ్రేము అడిగితే కిరాయి ఇల్లు, రేపో మాపో మారతారు. ఏదో ఒకటి వెయ్యమ్మా అంటే ఇంట్లో దుఃఖం ఉన్నట్టు, వాళ్ళ దగ్గర బేరం పెట్టకూడదు. ఈ మూడు ఖానాలతో తెగని బేరం ఆమెకు తగల్లేదు, పాత గిరాకీ బిక్షం మూడు బొమ్మలు తెచ్చేదాకా.

బిక్షం గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, కట్టుకున్న రెండు గదుల ఇంట్లోకి ఈ మధ్యే మారాడు. శుక్రవారం పొద్దున పొడుగాటి అట్టగొట్టం చంకలో పెట్టుకుని వచ్చి, అందులోంచి మూడు బొమ్మలు తీసి బల్ల మీద పరిచాడు.

"చెల్లె, వీటికి మంచి ఫ్రేములు కట్టాలె. మా సంతోషివి. అది ఆదివారం వస్తది. వచ్చేసరికి గోడకుండాలె. దానికి చెప్పలె నేను."

సంతోషి ఆయన కూతురు. శ్రీరాంపూర్‌లో గని సర్వే ఆఫీసులో ఉద్యోగం, అక్కడే గది తీసుకుని ఉంటుంది.

రత్నమాల కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది. మూడూ ఒకే మనిషి బొమ్మలు. పసుపు చొక్కా, మొహానికి నల్ల గంత. ఒకదాంట్లో పొగ గొట్టాల మీది నుంచి దూకుతున్నాడు. ఇంకోదాంట్లో కూలుతున్న గని కప్పును భుజాల మీద మోస్తున్నాడు. మూడోదాంట్లో గంత తీసి పక్కన పెట్టి ఒంటరిగా చాయ్ తాగుతున్నాడు.

"ఇదేంటన్నా, పిల్లల బొమ్మల పుస్తకం చింపి తెచ్చావా?"

"చింపుడు గాదు, కొన్నయే. వీని పేరు పిడుగు పరంధాం. సంతోషి చిన్నప్పుడు వీని పుస్తకాలు మీద పడి చదివేటిది. ఇప్పుడు గా బొమ్మలేసినాయన పెద్దగ అచ్చు తీస్తే జీతంల నుంచి కొనుక్కున్నది. కొని ఏం జేసింది? గొట్టంల పెట్టి మంచం కిందికి తోసింది." బిక్షం గని కప్పు బొమ్మ మీద వేలు పెట్టాడు. "అయితే వీనికి పని రాదు చెల్లె. కప్పుకు భుజం పెడితె ఆగుతదా? రెండు దుంగలు కొడితె అయిపాయె!"

రత్నమాల నవ్వింది గానీ, చేయి మాత్రం కాగితం మీదే ఉంది. మందంగా, దూది నేసినట్టు గరుకుగా ఉంది. బొమ్మల పుస్తకాల కాగితం ఇలా ఉండదు. పెళ్ళి పత్రికలకు కూడా ఇంత కాగితం వాడరు. పిల్లలు చదివి పారేసే బొమ్మకు ఇంత ఖరీదైన కాగితం ఎవడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు? వ్యాపారంలో ఆమెకు నిద్ర పట్టనివ్వనివి ఇలాంటి ప్రశ్నలే.

ముందు పని చూసుకుంది. అద్దం బొమ్మకు ఆనకూడదు. ఇక్కడి ఎండలకు రంగు అద్దానికి అతుక్కుంటే, విప్పినప్పుడు సగం మొహం అద్దంతోనే ఊడొస్తుంది. పోయినవాళ్ళ ఫోటోలు అలా పాడై ఏడుస్తూ వచ్చినవాళ్ళను ఎందరినో చూసింది. అందుకని బొమ్మ చుట్టూ దళసరి అట్ట చట్రం పెడతారు. దాన్ని మౌంటు అంటారు. అది అద్దాన్ని ఎత్తి పట్టుకుంటుంది, బొమ్మకు ఊపిరాడుతుంది.

మౌంటు నమూనా ముక్కలు తెచ్చి ఒక్కొక్కటి బొమ్మ మూలకు ఆనించి చూపించింది. ఎర్రది పెట్టగానే పరంధాం చొక్కా వెలిసిపోయింది. పసుపు పెడితే చొక్కా ఏదో మౌంటు ఏదో తెలియలేదు. నల్లది పెడితే చాయ్ తాగుతున్న బొమ్మలో రాత్రి ఇంకా చిక్కబడింది, రత్నమాలకే ముచ్చటేసింది.

"నల్లది వద్దు చెల్లె. కొత్తిల్లు. మా లింగవ్వ ఇంట్లకు రానియ్యది." లింగవ్వ ఆయన భార్య.

"మరి ఇది?" మీగడ రంగు ముక్క పెట్టింది. బొమ్మ నెమ్మదిగా ముందుకు వచ్చినట్టయింది.

"గిది మంచిగున్నది. దీనిమీదికి పూల పూల బంగారు ఫ్రేము పెట్టు."

"బంగారు ఫ్రేము పెడితే పరంధాంకు టెంకాయ కొట్టాల్సొస్తదన్నా. సాదా టేకు రంగు పెడతా, నా మాట విను."

బిక్షం కొంత గునిసి ఒప్పుకున్నాడు. అప్పుడు కొలత తీయబోయి ఆగింది రత్నమాల. బొమ్మకు పైనా, రెండు పక్కలా తెల్ల అంచు ఉంది. కింద మాత్రం లేదు. గీత గీసినట్టు బొమ్మ దగ్గరికే తెగి ఉంది. మూడింటికీ అంతే. చాయ్ తాగే బొమ్మ కింద, తెగిన చోట, పెన్సిల్‌తో గీసిన చిన్న మెలిక ఒకటి మిగిలి ఉంది. ఏదో అక్షరం తలకాయ.

"ఈ కింద ఏముండేదన్నా?"

"అగో, గది నేనే కోసిన. కింద ఎవడో పెన్సిల్‌తోటి పిచ్చి రాతలు రాసిండు. దుకాణపోడు ధర రాసుకున్నట్టు. నీకు పని తక్కువైతదని ఇంటికాడనే బ్లేడు పెట్టి తీసేసిన." బిక్షం మెప్పు కోసం చూశాడు. "నువ్వే గద నేర్పినవ్. దేవుని క్యాలెండరు తెస్తె కింద దుకాణం పేరు, తారీఖులు కోసేసి బొమ్మ ఒక్కటే ఫ్రేము కట్టిస్తవ్. మా ఇంట్ల దేవుళ్ళందరు నీ కాడ కింద కోసినోళ్ళే."

అది నిజం. ఈ గనుల బెల్టులో ఏ ఇంట్లో చూసినా దేవుడి పటం కిందటేటి క్యాలెండరే. కిందిపట్టీ కోయడం ఆమె చేతికి ఎంత అలవాటంటే, ఈ బొమ్మలు అంచుతో వచ్చి ఉంటే తనే కోసేదేమో. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు.

పక్క ఫ్లెక్సీ దుకాణం వీరేందర్‌ను పిలిచింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందక్కా, ఫ్రేముల దుకాణం ఎత్తేస్తున్నవా? ఫ్లెక్సీలకు గోదాము కావాలె నాకు."

"ఎత్తేసినా నీకివ్వను గానీ, ఇది చూడు. అచ్చు సంగతి నీకు తెలుసు కదా."

వీరేందర్ కాగితాన్ని రెండు వేళ్ళతో తడిమి, ఎగతాళి మానేశాడు. ఫోన్‌లో పిడుగు పరంధాం పేరు కొట్టి వెతికి, అదే చాయ్ బొమ్మ చూపించాడు. ఫోన్‌లోని బొమ్మకు కింద తెల్ల అంచుంది. అంచు మీద పెన్సిల్‌తో ఎడమ పక్క ఒక అంకె, గీత, ఇంకో అంకె. కుడి పక్క సంతకం.

"గిది బొమ్మ గీసినాయన చేతి సంతకం అక్కా. యాభై అచ్చులే తీస్తరు, మల్ల తియ్యరు. ఎన్నో అచ్చో ఆయననే రాస్తడు. కొనేటోళ్ళు ముందుగాల చూసేది గా అంచే. గది లేకుంటె..." బిక్షం మొహం చూసి మిగతాది మింగేశాడు. "గది లేకుంటె ఉత్త బొమ్మ."

బిక్షం స్టూలు మీద కూర్చున్నాడు. "ఫ్రేములు తర్వాత చెల్లె. నా బిడ్డకు ఏం చెప్పాలె?"

"కోసిన ముక్కలు ఎక్కడున్నయ్?"

ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి దుకాణం గోడ మీది పటాలన్నీ ఒక పక్కకు ఒరిగాయి. రత్నమాల వాటిని సరిచేస్తుండగా తిరిగొచ్చాడు, జేబులో రెండు పట్టీలు. వాటి మీద అంకెలున్నాయి. పదిహేడు, గీత, యాభై. రెండింటి మీదా అదే.

"మూడోది?"

"లింగవ్వ స్టౌ మీద ముట్టించి దేవుని దీపం వెలిగించింది. మంచిగ మండింది అంటున్నది." గొంతు తగ్గించాడు. "గని కప్పు బొమ్మది."

రత్నమాల ఒక పట్టీని దాని బొమ్మకు ఆనించి అతికినట్టు పెట్టి చూసింది. కోత ఎంత నున్నగా ఉన్నా, వెలుతురు పక్క నుంచి పడితే వెంట్రుక వాసి గీత కనబడుతోంది. అతకడం దండగ. అప్పుడు మౌంటు సంగతి తట్టింది. మౌంటుకు ఒకే కిటికీ ఎందుకుండాలి? పెద్ద కిటికీలో బొమ్మ, దాని కింద సన్న కిటికీలో పట్టీ. రెంటి మధ్య అట్ట వారలో కోత దాక్కుంటుంది. చూసేవాళ్ళకు అది లోపంలా ఉండదు, కావాలని చేసినట్టే ఉంటుంది. చిత్తు అట్ట మీద కోసి పెట్టి చూసింది. కుదిరింది. తనకే ఆశ్చర్యమేసింది.

"రెండింటికి ఇట్ల. గని బొమ్మకు ఒకే కిటికీ," అంది.

"దానికి తెల్వకుండ చెయ్యరాదు చెల్లె? మూడింటికి ఒకే కిటికీ పెట్టి, అంచు లోపలున్నదని చెప్తె?"

రత్నమాల కత్తి కింద పెట్టింది. అద్దం మీది చిన్న గీరను ముందే చూపించి అమ్మితే మనిషి మళ్ళీ వస్తాడు. దాచి అమ్మితే ఆ గీర తప్ప వాడికింకేం కనబడదు, మళ్ళీ గడప తొక్కడు. ఇంత కాలంలో ఆమె కూడబెట్టిన తెలివంతా అంతే.

"అట్ల నేను కట్టనన్నా. నీ బిడ్డ నాక్కూడా గిరాకీయే."

శనివారం సాయంత్రం ఆ బిడ్డే బస్సు దిగి తిన్నగా దుకాణంలోకి వచ్చింది. తండ్రి ఎంత దాచినా ఫ్రేముల సంగతి లింగవ్వ ఫోన్‌లో చెప్పేసిందట. భుజాన సంచి అలాగే ఉంది.

"ఆంటీ, అంచు కోయలేదు గదా? ముందుగాల గది చెప్పు."

బిక్షం మూలన కూర్చుని ఉన్నాడు. రత్నమాల అతని వైపు చూసింది. ఆ జవాబు ఆమె సరుకు కాదు.

"నేను కోసిన బిడ్డ," అన్నాడు. "ఇంటికాడ. పిచ్చి గీతలనుకున్న. ఒకటి మీ అవ్వ ముట్టించింది."

సంతోషి బొమ్మల దగ్గరికి వెళ్ళింది. పట్టీలు చూసింది. గని బొమ్మ తీసుకుని తెగిన అంచు మీద బొటనవేలు పారించింది.

"మూడింటికి ఒకే నెంబరు దొరుకుడు ఎంత కష్టమో తెలుసా నాయినా? ఆర్నెల్లు తిరిగిన. ఒక్కటి రాయచూరు నుంచి తెప్పించిన."

ఆమె ఇంకోసారి అంచు తడిమింది.

"ఎట్ల కోసినవ్?"

"కొత్త బ్లేడు. స్టీలు స్కేలు పెట్టి, ఒక్క గుంజుల."

"సర్వే ఆఫీసుల నా గీత గూడ గింత తిన్నగ రాదు," అంది విసుగ్గా. ఆ విసుగులో కోపం కొంత కరిగింది, మొత్తం కరగలేదు. చిత్తు అట్ట మౌంటును బొమ్మల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. "గిది మంచిగున్నది ఆంటీ. గని బొమ్మకు గూడ ఇట్లనే రెండు కిటికీలు కొయ్యి."

"దానికి పట్టీ లేదు కదమ్మా. ఖాళీ కనబడుతుంది. ఒకే కిటికీ అయితే ఎవరికీ తెలియదు. రేపు అమ్ముకోవాలన్నా..."

"నేను అమ్మనీకి కొనలె."

రత్నమాల ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆర్నెల్లు తిరిగి, రాయచూరు నుంచి తెప్పించుకుని, అమ్మను అంటోంది. మరి ఆ నెంబరుతో ఏం పని? అడగాలనిపించింది. అడిగింది కూడా.

"యాభై మంది ఇండ్లల్ల ఈ బొమ్మ ఉంటది ఆంటీ. పదిహేడోది మాత్రం మా ఇంట్లనే ఉంటది. గంతే." తండ్రి వైపు తిరిగింది. "ఖాళీగనే ఉండనీ. వచ్చినోళ్ళు ఏందని అడుగుతరు. నువ్వు చెప్పాలె."

"నేనా? అందరికా?"

"అందరికి."

"చుట్టాలకు చెప్త. వాడకట్టోళ్ళకు చెప్ప."

"కోసింది నువ్వు నాయినా."

బిక్షం రత్నమాల వైపు చూశాడు, ఏమైనా తగ్గిస్తుందేమోనని. ఆమె తగ్గించలేదు. స్కేలు అందుకుని, మిగతా రెండింటి కొలతే పెట్టి, ఖాళీ కిటికీ కోసింది.

ఆదివారం తనే వెళ్ళి గోడకు తగిలించింది, బ్లాస్టింగ్‌కు ఒరగకుండా ఒక్కో ఫ్రేముకు రెండేసి మేకులు కొట్టి. వెళ్ళకపోయినా పనయ్యేది. ఆ ఖాళీ ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

సుత్తి చప్పుడు ఆగకముందే పక్కింటి కనకవ్వ గడపలోకి వచ్చి నిలబడింది. మూడింటినీ వరసగా చూసి, గని బొమ్మ దగ్గర ఆగింది.

"గీడ కింద సందేంది బిక్షం? కాగితం పడిపోయిందా?"

సంతోషి చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. బిక్షం గొంతు సవరించుకున్నాడు.

"గది పడిపోలె వదినా. నేను కోసిన. పెద్ద కథ, కూసో."

"ముట్టించింది నేను," వంటింట్లోంచి అంది లింగవ్వ. "అంతా నీ పేర్న రాసుకోకు."