పట్నంలో ఒడిబియ్యం

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కితే హైదరాబాదు ఎంతసేపు? ఇట్టే వచ్చేస్తుంది. ఆ కాస్త దూరం దాటడానికి మా అత్తమ్మ నర్సమ్మకు మూడేళ్లు పట్టింది.

మూడేళ్ల కింద మా ఆడబిడ్డ లిఖిత మహేశ్వర్‌ను పెళ్లి చేసుకుంది. మహేశ్వర్ మా ఊరివాడే, నారయ్య కొడుకు, పట్నంలో కాలేజీలో పాఠాలు చెబుతాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్క కులం తప్ప. వాళ్లది వేరే వాడ, చర్చికి పోయే ఇల్లు. మా మామ రాంచంద్ర ఆ రోజు నుంచి తనకు బిడ్డే లేదన్నాడు. అనడంతో ఆగితే బాగుండేది. అత్తమ్మ ఫోన్ తీసి తన జేబులో పెట్టుకున్నాడు. ఆమె దవాఖానకు పోయినా, దావత్‌కు పోయినా పక్కన ఆయనే. తుక్కుగూడలో చుట్టాల పెళ్లికి పోతే ఆడవాళ్ల బంతిలో కూడా ఆమె వెనకాలే నిలబడ్డాడు. ఏం మనిషో, ఏం మొండితనమో.

లిఖితకు ఆడపిల్ల పుట్టిందని నాకు ఫోన్ వస్తే, ఆ సంగతి వంటింట్లో గిన్నెల చప్పుడు చాటున అత్తమ్మ చెవిలో వేశాను. ఆమె ఏడవలేదు.

"మూడో ఏడు దాటిపోతున్నది మౌనికా. బిడ్డకు ఒడిబియ్యం పొయ్యకపోతిని," అంది.

మా దిక్కు పెళ్లయిన బిడ్డకు తల్లిగారివాళ్లు బేసి ఏట పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి కొత్త బట్టలు పెడతారు. అది పోయలేదంటే ఆ పిల్లకు తల్లిగారిల్లు లేనట్టే లెక్క. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

అందుకే మా దీక్షిత్‌కు బడిలో క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే మా ఆయన రఘునందన్ చెవి కొరికాను. పిల్లగాణ్ని పట్నం తిప్పుదాం, జూ చూపిద్దాం, బిర్యానీ తిందాం, మాల్‌లో మంచుగది ఉందట, అందులో ఆడిద్దాం అని. పాపం అత్తమ్మను కూడా తీసుకుపోదాం అని చివర్లో కలిపాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు, ఆయన కడుపులో మాట దాగదు. మంచుగది ఉన్న అంతస్తులోనే పసిపిల్లలకు పాలిచ్చే గది ఒకటుంది. మా ఆయన పిల్లాణ్ని ఆడించేటప్పుడు అత్తమ్మా నేనూ అక్కడికి పోవాలి, లిఖిత పాపతో వచ్చి అక్కడ ఉంటుంది. మగవాళ్లు అడుగుపెట్టని చోటు వెతగ్గా వెతగ్గా నాకు అదొక్కటే దొరికింది.

పోయే రోజు పొద్దున కారు ఇంటి ముందుకు రాగానే మామ మఫ్లర్ చుట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకు బాపు, చలి మస్తున్నది," అన్నాడు మా ఆయన.

"ఏం, నేను పట్నం చూడొద్దా?" అన్నాడు మామ.

అప్పటికే బియ్యం, చీర, కొబ్బరికాయ సంచిలో దీక్షిత్ స్వెటర్ల కింద సర్దేసి ఉన్నాయి. ఇప్పుడు రామంటే ఏమని రాము?

ఆ రోజు మేము చూసిన పట్నం ఆ దేవుడికే తెలియాలి. జూలో అందరూ పులిని చూస్తుంటే నేను మామను చూస్తున్నాను. హోటల్లో అత్తమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేస్తే ఆయన చేతిలోని బిర్యానీ ముక్క పళ్లెంలో పడేసి లేచాడు. కోఠీలో దుప్పట్లు బేరం చేస్తుంటే ఆమె కొంగు అందేంత దూరంలో నిలబడ్డాడు. ఏది చూపించినా అత్తమ్మ "బాగుంది" అంటోంది. ఆమె ఏదీ చూడటం లేదు.

మాల్ గుమ్మం దగ్గర సంచులు మిషన్‌లోంచి పోతాయని నాకు తెలుసు. కొబ్బరికాయకు అడ్డు చెబుతారని మాత్రం తట్టలేదు. శుభకార్యానికి కాయ లేకుండా పోవడం మాకు అలవాటు లేదు.

"మేడం, కొబ్బరికాయ లోపలికి తీస్కపోనియ్యరు," అంటూ గార్డు సంచి విప్పాడు. స్వెటర్లు తీసి బల్ల మీద పెట్టాడు. పచ్చంచు చీర బయటపడింది. దాని కింద మూట విప్పితే పసుపు బియ్యం, ఎండు ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు. మా ఇళ్లలో పుట్టినవాళ్లకు అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"గివి ఎవరికి?" అన్నాడు మామ.

అత్తమ్మ నేల చూసింది.

"గుడిల ఇద్దామని తెచ్చినం మామా," అన్నాను నేను. ఆ అబద్ధం నాకే అతకలేదు.

మామ నా దిక్కు చూడనైనా లేదు. కొబ్బరికాయ తీసి గార్డు చేతిలో పెట్టి, "నువ్వే కొట్టుకొని తిను బిడ్డా," అన్నాడు. సంచి సర్ది తన భుజానికి తగిలించుకున్నాడు. "నడువుండ్రి," అన్నాడు.

అక్కడే నాలుగు తిట్టి ఉంటే నయంగా ఉండేది. మా ఆయన "ఏందే గిది?" అని గుసగుసగా అడిగితే, "తర్వాత చెప్త, ముందుగాల పిల్లగాణ్ని ఆడించు," అన్నాను. వాళ్లిద్దరూ అద్దె కోట్లు తొడుక్కుని మంచుగదిలోకి పోయారు.

"మీరు గూడ పోండ్రి మామా, బాగుంటదట," అన్నాను.

"నాకు బయటి చలి చాలు," అన్నాడు.

ముగ్గురం ఒక బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో ఆయన. ఎదురుగా పెద్ద క్రిస్మస్ చెట్టు, దీపాలు, ఫొటోలు దిగే జనం. నా చేతిలో ఫోన్ కదిలింది. 'వదినా, లోపలనే ఉన్న. పాప ఏడుస్తున్నది' అని లిఖిత పెట్టింది. ఆ గది మాకు కనబడుతూనే ఉంది, తలుపు మీద పాలసీసా బొమ్మ. అత్తమ్మకు చదువు రాదు, ఆ బొమ్మే గుర్తని ముందే చెప్పి ఉంచాను. దాని మీద నుంచి కన్ను తిప్పడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నబిడ్డ ఆ తలుపు అవతల ఉంటే తల్లి లేచి అక్కడి దాకా నడవలేకపోవడం ఏమిటి?

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ లేచింది. ఎవరికీ చెప్పకుండా నడిచి, తలుపు నెట్టుకుని లోపలికి పోయింది. మామ గబగబా వెనకాలే పోయాడు. గుమ్మంలో పాలిచ్చే తల్లి ఎవరో గదిమితే వెనక్కి తగ్గాడు. కానీ పోలేదు. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గదికి ఇంకో తలుపు లేదు. ఆయన ముందు నుంచే నేనూ లోపలికి పోయాను.

అత్తమ్మ అప్పటికే పాపను ఎత్తుకుంది.

"పేరేంది?"

"రూత్. మా అత్తమ్మ పెట్టింది," అంది లిఖిత.

"రూతు," అంది అత్తమ్మ. నోరు తిరగక మళ్లీ అంది. మళ్లీ మళ్లీ అంటూనే ఉంది.

"బాపు ఇంకా బయటనే ఉన్నడా వదినా?"

"ఆఁ, ఉన్నడు. నీ ఒడిబియ్యం ఆయన ఒళ్లెనే ఉన్నయి," అన్నాను. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే లిఖిత ఏడ్చింది.

"పచ్చంచు చీర తెచ్చిన బిడ్డా," అంది అత్తమ్మ.

"మహేశ్వర్‌కు?" అంది లిఖిత.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. సంచి సర్దేటప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఊసే రాలేదు.

లిఖిత కళ్లు తుడుచుకుంది. "మొగుడు లేనోళ్లకు ఒడిబియ్యం పొయ్యరు గద అమ్మా. ఇద్దరిని పీటల మీద కూసోబెట్టి ఇద్దరికి బట్టలు పెడ్తరు. నా ఒక్కదానికే పెడ్తే నాకు మొగుడు లేడన్నట్టే. గట్లయితే నాకొద్దు. కోపంతోని అంటలేను. నాకొద్దు."

అత్తమ్మ పాప వీపు నిమిరింది. తర్వాత పాపను చంకనేసుకుని, తలుపు తీసుకుని బయటికి నడిచింది. లిఖితా నేనూ వెనకాలే ఉరికాం.

మామ దిగ్గున లేచాడు. మూడేళ్ల తర్వాత బిడ్డ ఎదురుగా నిలబడితే ఆయన చూపు తిప్పుకుని క్రిస్మస్ చెట్టును చూశాడు.

"ఏమయ్యా," అంది అత్తమ్మ. ఆ గొంతు నేను ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు. "అల్లునికి బట్టలు కొనాలె."

"నాకు అల్లుడు లేడు. నడువు, ఇంటికి పోదాం."

"నేను రాను."

"నర్సమ్మా."

"నువ్వు పో. కారు కిందనే ఉన్నది. నేను గీడనే కూసుంట. గీళ్లు బంద్ చేస్తే బయట మెట్ల మీద కూసుంట. నా బిడ్డకు బియ్యం పొయ్యంది నీ ఇంట్ల కాలు పెట్ట."

అని, ఆయన లేచిన కుర్చీలోనే పాపతో సహా కూర్చుంది. జనం తిరిగి చూస్తున్నారు. అరిస్తే పరువు పోతుంది. చెయ్యి పట్టి లాగితే ఇంకా పోతుంది. పెళ్లాన్ని పట్నంలో వదిలేసి పోతే ఊళ్లో ఏమని చెప్పుకుంటాడు? మూడేళ్లు మమ్మల్ని కట్టిపడేసిన మనిషికి ఎటూ దారి లేకుండా పోయింది. నాకేం జాలి కలగలేదు. మస్తు సంతోషమైంది.

అంతలో మంచుగదిలోంచి మా ఆయన, దీక్షిత్‌ వచ్చారు. మా ఆయన చెల్లెల్ని చూసి పిల్లాడి చెయ్యి వదిలేశాడు. సంగతి అర్థమయ్యాక, "నేను కొంట తియ్యమ్మా," అని జేబులో చెయ్యి పెట్టాడు.

"నువ్వు గాదు. మీ బాపు కొనాలె," అంది అత్తమ్మ.

పక్కనే బట్టల దుకాణం. మామ అటు నడిచాడు, అద్దాల దగ్గర ఆగిపోయాడు. లోపల అంగీలు వరసగా వేలాడుతున్నాయి. మహేశ్వర్ లావో సన్నమో ఆయనకేం తెలుసు? వెనక్కి తిరిగి అత్తమ్మను చూశాడు.

"నాకు తెల్వదు," అందామె.

నన్ను చూశాడు. నేను నోరు కుట్టేసుకున్నాను.

ఇక అడగడానికి ఒక్కతే మిగిలింది. ఆయన ఆమె మొహం చూడలేదు, కాళ్ల దిక్కు చూశాడు.

"అంగీ ఎంత నెంబరు?" అన్నాడు.

లిఖిత తల్లి పక్క నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"నలభై రెండు, బాపు."

"ప్యాంటు?"