అంచులో ఏదైనా

ధర్మవరంలో కంప్యూటర్ మగ్గాలకు డిజైన్లు చేసేవాళ్లు పన్నెండేళ్లుగా 'పడుగు' అనే ప్రోగ్రామింగ్ భాషలోనే రాస్తున్నారు. దాన్ని తయారుచేసింది వసుంధర. అందులో వెలితి ఒకటే. నెమలి అంచుకు ఒక ఆదేశం, హంస అంచుకు ఇంకొకటి. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా అదే ఆదేశాన్ని పేరు మార్చి మళ్లీ రాయాలి.

"ఏమ్మా, నెమలిని నేసే చెయ్యి హంసను నెయ్యలేదా?" అని అమీర్‌సాబ్ దెప్పేవాడు. ఆయన డిజైనూ చేస్తాడు, మగ్గమూ నడుపుతాడు.

వసుంధరకు పౌరుషం వచ్చింది. పాత డిజైన్లు ఒక్కటీ చెడకుండా, మూడు నెలలు కూర్చుని, ఒకే ఆదేశం అన్ని రకాలకూ పనికొచ్చే జెనరిక్స్ పద్ధతిని భాషలోకి తెచ్చింది. ఇక 'అంచు' అనే ఆదేశం ఒక్కటే. బ్రాకెట్లోని ఖాళీలో ఏ రకం ఇస్తే దానితో అంచు వస్తుంది. ఆ ఖాళీకి 'ఏదైనా' అని పేరు పెట్టి, ఆ సంబరంలో పావుకిలో మైసూర్‌పాక్ ఒక్కతే తినేసింది.

వారం తిరక్కుండానే అమీర్‌సాబ్ ఫోన్. "అమ్మా, ఒకపారి వస్తావా? చీర మాట్లాడతాండాది."

పోయి చూస్తే మెరూన్ చీర. జరీ అంచులో నెమలీ లేదు, హంసా లేదు. 'సరోజమ్మ, కనగానపల్లి', పక్కన ఫోన్ నంబరు, మళ్లీ 'సరోజమ్మ, కనగానపల్లి'... అయిదున్నర మీటర్లూ అదే వరస. బొమ్మకు బదులు ఆయన, చీర చెప్పిన సరోజమ్మ ఆర్డరు ఫారం ఇచ్చేశాడు. ఏదైనా అంటే ఏదైనా కదా! భాష కిమ్మనకుండా నేయించేసింది.

"చూసుకోవద్దా సాబ్?"

"చూస్తి. కొత్త ఫ్యాషనేమో అనుకుంటి."

సరోజమ్మ ఆ చీర కట్టుకుని పోవాల్సిన పెళ్లి ఎల్లుండే. ఇంకో చీరకు టైం లేదు. ఇద్దరూ కనగానపల్లి బస్సెక్కారు. సరోజమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, అంచు మీద వేలు పెట్టి చదివి, ముఖం చిట్లించింది.

"తప్పయిపోయింది పెద్దమ్మా," అంది వసుంధర.

"తప్పు కాకపోతే? నంబర్లో ఆఖర్న ఏడు ఉండల్ల. ఈడ ఒకటి ఉండాది. అది మా ఆడబిడ్డ నంబరు! ఇద్దరం ఒకేపారి కొన్న సిమ్ములు. చీర చూసినోళ్లంతా దానికి ఫోన్ చేస్తే నా గతేమి?"

భాష కనిపెట్టిన వసుంధరా, చీర నేసిన అమీర్‌సాబూ పొద్దుగూకేదాకా సరోజమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, నూట పది ఒకట్ల నెత్తిన జరీ దారంతో అడ్డగీతలు కుట్టి ఏడ్లు చేశారు.

మర్నాడే ఆమె భాషలో షరతు చేర్చింది: ఏదైనా సరే, బొమ్మ అయితేనే.

పెనుకొండ పెళ్లిలో సరోజమ్మ సాంబారన్నం మాత్రం చల్లారిపోయిందట. విస్తరి ముందు కూర్చున్నప్పటి నుంచీ ఫోను మోగుతూనే ఉంది. చేస్తున్నది ఎదురు బంతిలోనివాళ్లే, నంబరు నిజమా కాదా చూద్దామని.