మాయం కాని ఒకటి

పద్నాలుగో అంతస్తులో ఒక మామ్మగారింట్లో సోఫా వెనక బోర్లా పడుకుని గోడకి కన్నం వేస్తున్నాడు మాన్సిక్. ఇరవై రెండేళ్లుగా కొరియాలోని ఇంచన్‌లో సగం ఊరికి నెట్ పెట్టింది అతనే. మోకాళ్లు సహకరిస్తే మిగతా సగానికీ పెట్టేవాడే. ఊరు మొత్తంలో నెట్ లేని కొంప ఒక్కటే, అతనిది. ఆ ఇంటి రౌటర్ నలభై రోజులుగా తువ్వాల్లో చుట్టుకుని అతని పనిసంచిలో ఊరేగుతోంది.

కూతురు దావొన్‌కి పదిహేనేళ్లు. ఆట మధ్యలో ఉండగా రౌటర్ పీకేశాడు. ఆ పిల్ల సెల్‌ఫోను లైనూ కోయించాడు. అక్కడితో ఆగలేదు. “మీ అమ్మలాగే నువ్వూ ఇల్లొదిలి పో, పీడా పోతుంది” అన్నాడు.

ఆ పిల్ల మర్నాటి నుంచి బడి అవగానే సందు చివర కంప్యూటర్ ఆటల దుకాణంలో దూరి, వాళ్లు గెంటేదాకా అక్కడే. ఇక ఇంట్లో మాట్లాడేది మాటలు నేర్చిన కరెంటు కుక్కరొక్కటే. “ఆవిరి వదులుతున్నాను, జాగ్రత్తండీ” అంటుంది. ఆ ఇంట్లో మర్యాద తెలిసింది దానికే.

చివరికి బడి టీచరమ్మ దావొన్‌ని పన్నెండు రోజుల శిబిరంలో చేర్పించింది. నెట్ పిచ్చి వదిలిస్తారట. ఇవాళ నాలుగింటికి బస్సు.

“అబ్బాయ్, ఈ నెట్‌లో మా మనవరాలి మొహం కనపడుతుందా?” అడిగింది ఇంటి మామ్మగారు.

“కనపడుతుంది మామ్మగారూ. అవతల వాళ్లు ఎత్తితే.”

అంటూనే తన ఫోను చూసుకున్నాడు. *ఆ రోజు అన్న మాట తప్పు. నోరు జారింది.* ఎదురుగా చెప్పడానికి నోరు రాక, రోజూ పనిలోంచి కూతురికి ఇదే పంపుతున్నాడు. ప్రతి మెసేజ్ పక్కనా పసుపుపచ్చ ‘1’. అవతలి వాళ్లు తెరిస్తే మాయమయ్యే అంకె. నలభై మెసేజ్‌లు, నలభై ఒకట్లు. ఇంత పగా, అనుకున్నాడు.

బస్సు దగ్గర దావొన్ సంచి భుజాన వేసుకుని నేల చూస్తోంది.

“తువ్వాలు పెట్టుకున్నావా?”

“ఊఁ.”

ఇంజన్ మొదలైంది. మాన్సిక్ ఆ సంచి పట్టీ పట్టుకున్నాడు. “ఒక్క మెసేజన్నా చూడొచ్చుగా!”

“ఏ మెసేజ్?”

“రోజూ పంపిస్తున్నానుగా!”

“ఎలా వస్తాయి నాన్నా? లైను కోయించావ్. వైఫై నీ సంచిలో ఉంది. నువ్వేగా నెట్ మేస్త్రీవి!” పిల్ల తలెత్తింది. “ఫోను ఆ రోజే వంటింటి సొరుగులో పడేశా. ఇంతకీ ఏం పంపావ్?”

మాన్సిక్ నోరు తెరిచాడు.

“ఎక్కమ్మా, టైమైంది!” డ్రైవర్ కేకేశాడు.

“అన్నం... బాగా తిను,” అన్నాడు మాన్సిక్.

పిల్ల బస్సెక్కింది. తలుపు మూసుకుంది.

ఇంటికొచ్చేసరికి “అన్నం సిద్ధంగా ఉందండీ” అంది కుక్కర్. వెళ్లేముందు ఆ పిల్లే పెట్టి వెళ్లింది. మాన్సిక్ తినలేదు. తువ్వాలు విప్పి, రౌటర్‌ని గోడకి బిగించాడు. సొరుగులో చచ్చిపడున్న ఫోనుకి చార్జర్ గుచ్చి, కుక్కర్ పక్కన పెట్టాడు.

చాలాసేపటికి ఫోను కళ్లు తెరిచింది. తర్వాత వణకడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... వణుకుతూ వణుకుతూ బల్ల అంచుదాకా నడిచొచ్చింది. పడకుండా పట్టుకున్నాడు. ఒక్కసారి వేలు ఆనిస్తే చాలు, ఆ ఒకట్లన్నీ పోతాయి. వేలు తెర దాకా తీసుకెళ్లి వెనక్కి లాక్కున్నాడు.

వెచ్చటి కుక్కర్ మూత మీద, ఇంకా అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతూ, తెరవని ఫోను.